పదకొండు నాణేలు తోమిన చేతులు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం, మా నాణేల పరీక్షా ధ్రువీకరణ కార్యాలయపు రెండవ అంతస్తులో, ఉత్తరపు కిటికీ పక్కనున్న మూడవ బల్ల ముందు, ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు చేతిరుమాలుతో కుర్చీ తుడుచుకుని బెరుకుగా కూర్చున్నారు. ఈ జూన్ ముప్పయ్యవ తేదీ సాయంత్రం అదే కుర్చీలోంచి, ప్రధాన పరీక్షకురాలి హోదాలో, వారు లేవబోతున్నారు. ఈ ముప్పై ఆరేళ్లలో బల్ల మారలేదు, కిటికీ మారలేదు, కుర్చీకి మాత్రం మూడుసార్లు అల్లిక మార్చారు. వారి చేతుల మీదుగా వెళ్లిన నాణేలు నాలుగు లక్షల పైమాటేనని రికార్డులు చెబుతున్నాయి.

సహోద్యోగులందరూ వారిని 'మళ్లీ చూద్దాం మేడమ్' అంటారన్నది జగమెరిగిన సత్యం. ఎంత తేలిక నాణెమైనా సరే, తీర్పు రాసే ముందు ఆ రెండు మాటలూ అని మరొకసారి దీపం కింద పెట్టనిదే వారి కలం కదలదు. ఆ అలవాటు వల్ల మా భోజనాలు ఎన్నిసార్లు చల్లారిపోయాయో చెప్పడం ఈ అభినందన సంచికలో సభ్యత కాదు. కానీ ఆ అలవాటు వల్లే ఈ కార్యాలయపు చీటీకి నలుగురిలో విలువ ఏర్పడిందని ఒప్పుకోకపోవడం అంతకన్నా సభ్యత కాదు.

ఈ సంచిక కుటుంబసభ్యులు కూడా చదువుతారు కనుక, మేము రోజంతా అక్కడ ఏం వెలగబెడతామో నాలుగు మాటల్లో చెప్పడం అవసరం. సేకర్తలు పంపిన ప్రతి నాణెమూ యజమాని పేరు లేకుండా, ఒక అంకె మాత్రం తగిలించుకుని మా బల్లల మీదికి వస్తుంది. అసలుదా నకిలీదా తేల్చాక, దాని స్థితికి ఒకటి నుంచి డెబ్బై వరకు మార్కులుంటాయి. అరవై, ఆపైన వస్తే 'వాడనిది', అంటే అచ్చు పడ్డాక జేబులకెక్కనిది. యాభై దాటి అరవైకి తగ్గితే 'దాదాపు వాడనిది'. అలా మెట్లు దిగుతూ పోగా, నాలుగు మార్కుల దగ్గర 'మంచిది' అనే మాట ఒకటుంది. బొమ్మ ఆనవాలు మాత్రమే మిగిలి తక్కినదంతా అరిగిపోయిందని దాని అర్థం. తీర్పయ్యాక నాణేన్ని పారదర్శకమైన గట్టి పెట్టెలో పెట్టి, చీటీతో సహా అతికేసి పంపుతాం.

ఈ 'మంచిది' అన్న మాట చూసి మురిసిపోని సేకర్త లేడు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు, ఎవరి నాణెం వారికి అందం. ఒకసారి పదవీ విరమణ చేసిన హెడ్మాస్టారు ఒకరు చీటీ చూసుకుని, మనవరాలికి ఫోన్ చేసి, కౌంటరు దగ్గర అందరికీ చాక్లెట్లు పంచుతుంటే, అసలు సంగతి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మేడమ్ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు.

"మంచిదని రాశారు కదమ్మా?" అని ఆయన అడిగారు.

"మంచిదేనండి. ఎంతమందికో పనికొచ్చింది. అందుకే ఇంత అరిగింది."

ఆయన సంగతి అర్థం చేసుకుని, నవ్వి, ఆమెకు ఇంకో చాక్లెట్ ఇచ్చి వెళ్లారు.

అయితే మార్కులన్నింటికీ అవతల ఒక మాట ఉంది. దాని పేరు 'కడిగినది'. తుడుపుగుడ్డను మించిన శత్రువు నాణేనికి లేదు. అచ్చు పడినప్పుడు లోహం మీద పుట్టిన మెరుపు వేరు, మనం తోమి తెప్పించిన మెరుపు వేరు. మొదటిదాన్ని దీపం కింద వంచితే వెలుగు బండిచక్రపు ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. రెండవదానిలో వెలుగు ఉన్నచోటే కూర్చుంటుంది, దాని కింద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. అటువంటి నాణేనికి ఎంత చక్కని బొమ్మ ఉన్నా మార్కు వేయం. దాని వర్గం రాసి, 'కడిగినది' అని చేర్చి ఊరుకుంటాం. తోమినదాన్ని తోమనిదిగా చేసే విద్య లోకంలో ఇంకా పుట్టలేదు.

ఈ పాఠం మేడమ్ నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన నాలుగవ రోజున. నాటి ప్రధాన పరీక్షకులు నిప్పులాంటి మనిషి, మాట కూడా అంతే. ఒక వెండి నాణేన్ని అంచు పట్టుకుని ఆమెకిచ్చి, "మెల్లగా వంచమ్మా. వెలుగు తిరుగుతోందా?" అన్నారు.

"లేదు సార్."

"ఎందుకు తిరుగుతుంది? ఎవడో పుణ్యాత్ముడు పళ్లపొడి పెట్టి తోమేశాడు. ఆ గుండ్రటి గీతలు చూశావా? ఇక ఇది ఈ జన్మకి కోలుకోదు. రాసెయ్."

పళ్లపొడి అన్న మాట వినగానే ఆమె చేయి ఆగిపోయింది. ఎందుకంటే ఆ గీతలు ఆమెకు కొత్త కాదు.

వారి తండ్రిగారు గడియారాలు బాగుచేసేవారు. తలుపు వెడల్పంత దుకాణం, కంటికి బిగించుకునే భూతద్దం, చిన్న చిన్న గదులున్న చెక్కపెట్టె, ఇదీ ఆయన ఆస్తి. ఆ పెట్టెలో గడియారపు పళ్లచక్రాల పక్క గదిలో పదకొండు వెండి నాణేలుండేవి. ఒకవైపు తెరచాప ఓడ, మరొకవైపు ధాన్యపు కంకి. పదేళ్లు వెతికి, సిగరెట్లు మానేసి, ఒక్కొక్కటే కూడబెట్టినవి. కాలం గడిచిన కొద్దీ వాటిమీద పొగమంచు రంగు కమ్మింది. సేకర్తలు ప్రాణం పెట్టేది ఆ రంగుకే. ఏడేళ్ల పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, తల్లి నిద్రపోతుండగా, పాత పళ్లబ్రష్షూ పళ్లపొడీ తెచ్చుకుని, నాన్న సంతోషిస్తారని, సాయంత్రం దాకా కూర్చుని, ఒక్కొక్క నాణేన్నీ గుండ్రంగా గుండ్రంగా తోమి, తువ్వాలు మీద వరసగా పేర్చి, గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

ఆయన వచ్చారు. చూశారు. పక్కనే నేల మీద కూర్చున్నారు.

"పదకొండూ తోమేశావా?"

"పదకొండూ, నాన్నా."

"చేతులు నొప్పెట్టలేదూ?"

అని ఆ వేళ్లు పట్టుకుని చూసి, నాణేలన్నీ తువ్వాల్లో మూటగట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, పైవాటా వాళ్లకు చూపించి వచ్చారు. "మా అమ్మాయి తోమింది, చూడండి ఎలా ఉన్నాయో," అన్నారట. పదిహేడేళ్లపాటు ఆ సాయంత్రం మేడమ్‌కు చిన్ననాటి ఘనకార్యంగానే గుర్తుండిపోయింది. ఉద్యోగంలో చేరిన నాలుగవ రోజున, భూతద్దం కింద, అది ఏమిటో తెలిసింది.

ఆ సాయంత్రం బస్సు దిగి ఆమె ఇంటికి వెళ్లలేదు. నేరుగా దుకాణానికి వెళ్లారు.

"నాన్నా, నీకు అప్పుడే తెలుసా?"

ఆయన కంటి నుంచి భూతద్దం తీయకుండానే అన్నారు. "గడియారాలు బాగుచేసేవాణ్ణమ్మా. గీత కనపడదా నాకు?"

"మరెందుకు తిట్టలేదు?"

"తిడితే గీతలు పోతాయా?"

ఇంకేమైనా అంటారేమోనని ఆమె నిలబడ్డారు. ఆయన మూల ఉన్న స్టూలు కాలితో ఆమెవైపు జరిపి, పని అయ్యేదాకా కూర్చోబెట్టుకుని, ఆమెతో కలిసి ఇంటికి వెళ్లారు. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతివారికీ మేడమ్ తమంతట తామే చెబుతారు. చెప్పేటప్పుడు ప్రతిసారీ నవ్వుతారు, చివర్లో మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటారు. ఇంట్లో గిన్నెలు తోమే పీచు ఆమె చేతికివ్వడానికి తమకు ఇప్పటికీ భయమేనని, స్కూల్లో డ్రాయింగు మాస్టారైన వారి భర్తగారు చమత్కరిస్తారు.

పరీక్షకురాలిగా మూడవ సంవత్సరంలో వారి చేతిలో ఒక పొరపాటు జరిగింది. అచ్చు సరిగా పడక బొమ్మ లోతు తక్కువైన నాణేన్ని, వాడకం వల్ల అరిగినదనుకుని మార్కు తగ్గించారు. చీటీ అతికి, పెట్టె వెళ్లిపోయింది. ఆరు వారాల తరువాత అలాంటిదే మరొకటి చూసినప్పుడు సందేహం వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. గుట్టుచప్పుడు కాకుండా ఊరుకుంటే సరిపోయేది. ఆమె మాత్రం అధికారుల అనుమతి పుచ్చుకుని, రెండు బస్సులు మారి సేకర్త ఇంటికి వెళ్లి, పెట్టె వెనక్కి తెచ్చి, చీటీ మార్పించారు. ఆ తప్పు చీటీ నేటికీ వారి బల్ల సొరుగులోనే ఉంది. అహం తలకెక్కినప్పుడు చూసుకోవడానికట.

రెండు వేల ఎనిమిదవ సంవత్సరంలో ప్రధాన పరీక్షకురాలైన తరువాత వారు పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. మొదట్లో ఈ వ్యాసకర్తకు అది బొత్తిగా గిట్టలేదు. 'కడిగినది' అని తేలిన నాణేన్ని యజమాని తీసుకోవడానికి వచ్చిన రోజున, ఎంత పని ఉన్నా, మేడమ్ స్వయంగా కిందికి దిగి వెళతారు. 'పాడైపోయింది' అన్న మాట వారి నోట ఎన్నడూ రాదు. వాళ్లను కూర్చోబెట్టి, "ఎవరు తోమారండి?" అని అడుగుతారు. అంతే. మొహం మాడ్చుకుని వచ్చినవాళ్లు అక్కడ నోరు విప్పుతారు. మా నాయనమ్మండి, ప్రతి శుక్రవారం గుడ్డతో తుడిచేది, అని ఒకరు. కాపురానికి నేను వస్తున్నానని మా ఆయన తోమి అద్దాల బీరువాలో పెట్టారట, అని మరొకరు. పైన ఫైళ్లు గుట్టలు పడుతుంటే కింద ఈ కబుర్లేమిటని ఈ వ్యాసకర్త విసుక్కున్న మాట నిజం. ఒకనాడు అడిగేశాను కూడా. ఆమె అన్నారు: "మార్కు మనం వేయలేకపోయాం. కనీసం కథైనా వినకపోతే ఎలాగండీ?"

ఇక ఈ నెలలో జరిగిన సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

జూన్ తొమ్మిదవ తేదీన మేడమ్ బల్ల మీదికి వచ్చిన పళ్లెంలో ఒక వెండి నాణెం ఉంది. ఒకవైపు తెరచాప ఓడ, మరొకవైపు ధాన్యపు కంకి. వంచారు. వెలుగు తిరగలేదు. గీతలు కనిపించాయి, గుండ్రంగా, చిన్న చిన్న సున్నాల్లా, చిన్న చేతులు మాత్రమే గీయగల కొలతలో. యాభై మూడేళ్ల తరువాత తమ చేతిపనిని వారే గుర్తుపట్టారు. తెలిసిన నాణెం ఎదురైతే పరీక్షకులు దాన్ని కింద పెట్టి, రిజిస్టరులో 'తెలిసినది' అని రాసి తప్పుకోవాలన్నది మా నియమం. ముప్పై ఆరేళ్లలో మొదటిసారిగా ఆ మాట రాసి, మేడమ్ వరండాలోకి వెళ్లిపోయారు.

తండ్రిగారికి ఇప్పుడు ఎనభై ఏడేళ్లు. కూతురి దగ్గరే, కింది వాటాలో ఉంటారు. ఏడాదిగా మతిమరుపు మొదలైంది. కళ్లద్దాలు పెట్టుకునే కళ్లద్దాలు వెతుకుతారు, ఇవాళ ఏ వారమని పూటకు నాలుగుసార్లు అడుగుతారు. ఆ సాయంత్రం ఆమె అడిగితే, "ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడకూడదన్నది నువ్వే కదా," అని తప్పించుకున్నారు. మేడమ్ గుండెలో రాయి పడింది. తోమిన సంగతి ఆయన మరచిపోయారేమో. కూతురు దిగిపోయేలోగా పెద్ద మార్కుతో చీటీ వస్తుందని, దాన్ని ఆమెకు చూపించాలని ముచ్చటపడుతున్నారేమో. ఆనాడు ఆయన మింగేసిన మాటను ఈ కార్యాలయం ఇప్పుడు అచ్చేసి ఆయన చేతికిస్తుందే. చీటీ అతికేలోగా యజమాని సంతకంతో నాణేన్ని వెనక్కి తీసుకోవచ్చు. మేడమ్ అలా కోరే ఉత్తరం రాసి, మడిచి, మూడు రోజులు సంచిలో మోశారు. ఆయన ముందు మాత్రం తీయలేకపోయారు. మాతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఇదంతా తరువాత చెబితే తెలిసింది.

నాణెం ఈ వ్యాసకర్త బల్ల మీదికి వచ్చింది. రిజిస్టరులో 'తెలిసినది' అన్న మాట, ఆ సున్నాల గీతలు, వరండాలో తాగకుండా చల్లారిన టీ, ఈ మూడూ కలిపి చూస్తే ఎవరిదో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అసలైతే నేనూ తప్పుకోవలసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, ఆవిడ అడగని సాయం చేయడానికి నేను పూనుకున్నాను. 'దాదాపు వాడనిది, యాభై అయిదు' అని రాశాను. కడిగిన ఊసే ఎత్తలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

ప్రతి నాణేన్నీ ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి కనుక, పక్కబల్ల సహోద్యోగిని తన వంతుగా 'కడిగినది' అని రాశారు. తీర్పులు కలవకపోతే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.

"అన్నయ్యగారూ, గీతలు కనపడలేదా?"

"కనపడ్డాయమ్మా."

"మరి?"

"ఈ నెలాఖరుకి ఆవిడ వెళ్లిపోతున్నారు. పెద్దాయన మనసు ఎందుకు కష్టపెట్టడం."

ఆమె మేడమ్ సొరుగు తెరిచి, ముప్పై ఏళ్లనాటి ఆ తప్పు చీటీ తీసి నా ముందు పెట్టి, నాణెం నావైపు జరిపి, "మళ్లీ చూద్దాం," అన్నారు. మళ్లీ చూశాను. 'దాదాపు వాడనిది. కడిగినది.' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజంతా మేడమ్ మొహం చూడలేకపోయాను.

పోయిన బుధవారం తండ్రిగారు చేతికర్ర తాటించుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చారు. తమ ఆనవాయితీ ప్రకారం మేడమ్ కిందికి దిగారు, కానీ మెట్ల మలుపులోనే ఆగిపోయారు. వెనక మేమిద్దరం నిలబడ్డాం. కౌంటరు గుమాస్తా పెట్టె అందించారు. పెద్దాయన జేబులోంచి తమ పాత భూతద్దం తీసి కంటికి బిగించుకుని, కిటికీ వెలుగులోకి తిరిగి, పైకి చదివారు.

"దాదాపు వాడనిది. కడిగినది." ఆగి తల ఊపారు. "సరిగ్గా రాశారు."

తరువాత ఇంకో వరస చదివారు. మా దరఖాస్తులో 'పూర్వచరిత్ర' అని ఒక గడి ఉంటుంది. నాణెం ఎవరెవరి చేతుల్లో ఉండి వచ్చిందో యజమాని రాస్తే, తీర్పుకు విరుద్ధం కాకపోతే, చీటీ మీద అచ్చవుతుంది. పరీక్షకులకు ఆ కాగితం చూపించరు కనుక అందులో ఏముందో మాకెవరికీ తెలియదు. పెద్దాయన చదివింది ఇది: "తోమినది మా అమ్మాయి. ఏడేళ్లప్పుడు, తన చేతులతో."

మేడమ్ మిగిలిన మెట్లు ఎలా దిగారో ఆమెకే తెలియాలి.

"నీకు గుర్తుందా నాన్నా?"

"వారాలు మర్చిపోతాను గానీ ఇది మర్చిపోతానా? ఎక్కడా రాసి లేదు కదమ్మా. నేను పోయాక ఎవరి చేతికో వెళితే, ఎవడో తెలివితక్కువవాడు తోమాడనుకుంటారు. నాకది ఇష్టం లేదు. అందుకని రాయించుకున్నాను."

ఆమె ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చారు. ఇన్నేళ్లుగా ఎందరి కన్నీళ్లకో కుర్చీ చూపించిన మనిషికి, ఆ రోజు మా గుమాస్తా కుర్చీ తెచ్చి వేశారు. ఆయన ఆమె చేయి తీసుకుని, వేళ్లు తిప్పి చూశారు. నా యాభై అయిదు మార్కులే నిలిచి ఉంటే, ఆ వరస తీర్పుకు విరుద్ధమై చీటీలోంచి ఎగిరిపోయేది. ఆ పెద్దాయన యాభై మూడేళ్లు దాచుకున్న మాటను నా దయాగుణంతో తుడిచేసి ఉండేవాణ్ణి. నాణేలను తోమకూడదని ప్రపంచానికి చెప్పే కొలువులో ఉండి, నేను చేయబోయింది అదే పని. ఈ సంచికాముఖంగా మేడమ్‌కు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆమె ముందే క్షమించారు, అది వేరే సంగతి.

వెళ్లబోతూ ఆమె అడిగారు. "మిగతా పదీ?"

"ఏడాదికొకటి పంపుతా. తొందరేముంది? ఇక నీకు సెలవే కదా, ఫారాలు నువ్వు నింపుదువు గాని," అన్నారాయన.

కనుక, సూక్ష్మదృష్టికీ సత్యనిష్ఠకూ మాకు గురుతుల్యులై, కఠినమైన మాటను మెత్తగా చెప్పడం మాకు నేర్పి, రేపటి నుంచి ఉత్తరపు కిటికీని మాకు వదిలి వెళుతున్న మా 'మళ్లీ చూద్దాం మేడమ్' గారికి కార్యాలయ సిబ్బంది యావన్మందీ సవినయంగా చేతులు జోడిస్తున్నాం. వారికీ, భర్తగారికీ, తండ్రిగారికీ ఆరోగ్యమూ, తీరికా, చాలినంత ఆయుష్షూ కలగాలి. ఇంకా పది నాణేలున్నాయి, ఏడాదికొకటి అన్నది పెద్దాయన మాట. పదకొండవ పెట్టె మీద చీటీ అతికిన రోజున ఆ తండ్రీకూతుళ్లిద్దరూ మా కౌంటరు ముందు నిలబడి దాన్ని పైకి చదవాలని, ఆనాడు ఆయన భూతద్దం అక్కర్లేకుండానే, జ్ఞాపకంతోనే చివరి వరస చెప్పగలగాలని మనసారా కోరుకుంటున్నాం. కుర్చీలు రెండు సిద్ధంగా ఉంచుతాం.